దిద్దుబాటుకు అందని దెబ్బ

గురజాడ ‘దిద్దుబాటు’ కథను నేను ఎనిమిదేళ్ళుగా డిగ్రీ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఆ చిన్న కథను గురించి చెప్పవలసిందంతా ఎప్పుడో చెప్పేశామన్న ధీమా తెలుగు అధ్యాపకులందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. స్త్రీ విద్య, సానుల పాటల మోజు, వాడుక భాష, ఎత్తుగడలోని నాటకీయత: ఈ నాలుగూ చెబితే పాఠం పూర్తి. నా నోట్సులో ఈ నాలుగు శీర్షికలే ఉన్నాయి. ఐదవది ఒకటి ఉండాలని మూడేళ్ళ కిందట ఒక విద్యార్థిని నాకు చెప్పింది. చెప్పిందనటం కూడా సరికాదు. ఆమె ఒక ప్రశ్న వేసింది, నేను దాన్ని కొట్టిపారేశాను.

కథ పాఠకులకు తెలిసిందే. గోపాలరావు రాత్రి పొద్దుపోయి ఇంటికి వస్తాడు. గదిలో భార్య కమలిని కనపడదు. నౌకరు రాముణ్ణి పిలుస్తాడు, అడుగుతాడు, కోపం పట్టలేక వాడి మీద చెయ్యి చేసుకుంటాడు. వెంటనే జాలిపడి సముదాయిస్తాడు. కమలిని రాసిపెట్టిన ఉత్తరం చదువుకుని కుంగిపోతాడు. చివరికి మంచం కింద నుంచి కమలిని నవ్వు వినపడుతుంది. మగడికి బుద్ధి వచ్చింది, కథ ముగిసింది.

ఆ రోజు వెనక వరసలో కూర్చునే అమ్మాయి లేచి, “రాముడికి జీతమెంత సార్?” అన్నది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. “అది పాఠానికి సంబంధించింది కాదమ్మా, కూర్చో” అన్నాను. ఆమె కూర్చున్నది. గంట కొట్టారు.

ఆ నవ్వు నన్ను గుచ్చటానికి చాలా రోజులు పట్టింది. అధ్యయన తరగతుల్లో శ్రమకూ విలువకూ గల సంబంధం గురించి గంటలకొద్దీ మాట్లాడినవాణ్ణి నేను. కావ్యాల్లో వర్గ స్వభావాన్ని వెతకటమే విమర్శ అని నమ్మినవాణ్ణి. అటువంటివాణ్ణి, ఒక కథలోని ఏకైక శ్రామికుడి జీతం గురించి ఎవరో అడిగితే, అది సాహిత్యానికి సంబంధించింది కాదని తీర్పు చెప్పాను. చెడ్డ తీర్పు అయినందుకు కాదు నాకు బాధ. ఆ తీర్పు చెప్పటానికి నాకు క్షణంసేపు కూడా ఆలోచన అవసరం కాలేదు. అది నా నోటికి అంత సిద్ధంగా ఎక్కడినుంచి వచ్చింది?

కథను మళ్ళీ చదివాను. దానిలో దెబ్బ తిన్నవాడు ఒక్కడే, రాముడు. తప్పు చేసినవాడు గోపాలరావు, శిక్షించదలిచింది కమలిని, ఆ ఇద్దరి మధ్య నడిచే సంసార నాటకంలో దెబ్బ మాత్రం మూడవవాడి ఒంటి మీద పడింది. కమలిని ఆ సమయంలో మంచం కిందనే ఉంది గదా! మగడి అడుగుల చప్పుడు విన్నది, మగడి నిట్టూర్పు విన్నది, ఆ దెబ్బ కూడా వినే ఉంటుంది. అయినా ఆమె బయటికి రాలేదు. నవ్వవలసిన సమయం వచ్చేదాకా ఆగింది. ఇందుకు నేను కమలినిని తప్పుపట్టటం లేదు. ఆమె మీద బరువు ఆమెకు ఉంది. అర్ధరాత్రి దాకా మగడి కోసం కాచుకునే ఆడమనిషి, మగణ్ణి దారికి తెచ్చుకోవటానికి తెలిసిన ఒకే ఒక ఉపాయం పన్నింది. కాని ఆ ఉపాయానికి అయిన ఖర్చు రాముడి ఖాతాలో పడిందనీ, ఆ ఇంట్లో ఎవరూ ఆ లెక్క రాసుకోలేదనీ మాత్రం అంటాను.

గురజాడ రాసుకున్నాడా? రాసుకున్నాడనే నా అభిప్రాయం. ఆ దెబ్బ కథకు అవసరం లేదు. అది లేకపోయినా గోపాలరావు ఆందోళన మనకు అర్థమయ్యేది. సంస్కరణ మాటలు మాట్లాడే చదువుకున్న యువకుడు నౌకరును కొడతాడనీ, కొట్టి ఆ వెంటనే తాను దయగలవాణ్ణని నమ్ముకోగలడనీ గురజాడకు తెలుసు. అందుకనే ఆ దెబ్బ అక్కడ పెట్టాడు. అయితే పెట్టినవాడు దాన్ని చివరిదాకా మోయలేదు. జాలి చూపటంతో ఆ పద్దు చెల్లయిపోయినట్టు కథ ముందుకు సాగుతుంది. ‘దిద్దుబాటు’ అన్న పేరు భార్యాభర్తల మధ్య జరిగినదానికే వర్తిస్తుంది. అదే ఆ కథకు హద్దు. నూరేళ్ళకు పైగా దాన్ని పాఠం చెప్పిన మనం ఆ హద్దును కూడా చూడలేదు; గురజాడ చూసినంత కూడా చూడలేదు.

ఎందుకు చూడలేదో తెలుసుకోవటానికి నేను నా పాఠాన్నే పరీక్షించుకున్నాను. పాఠం చెప్పేటప్పుడు నా నోట గోపాలరావు ‘అతను’, కమలిని ‘ఆమె’, రాముడు ‘వాడు’. ఈ వ్యాసం మొదట్లో కథ చెప్పినప్పుడు కూడా ‘వాడి మీద’ అనే రాశాను. పాఠకులు గమనించారో లేదో. దిద్దకుండా అలాగే వదిలేశాను.

మన భాషలో సర్వనామాలు ఊరి పటం వంటివి. 1858లో వెలువడిన ‘బాలవ్యాకరణం’లో పరవస్తు చిన్నయసూరి పురుషులను మహత్తులన్నాడు, పశువులూ వస్తువులూ అమహత్తులు, స్త్రీకి ఏకవచనంలో అమహత్తుకు పట్టే క్రియే పడుతుంది. బండి వచ్చింది, బర్రె వచ్చింది, అమ్మ వచ్చింది. ఇది చిన్నయసూరి కల్పించింది కాదు. భాషలో ఉన్నదాన్నే ఆయన సూత్రీకరించాడు. మహత్తుల్లో మళ్ళీ మెట్లు: వాడు, అతను, ఆయన, వారు. ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో వ్యాకరణం చెప్పదు; ఊరు చెబుతుంది. మా ఇటిక్యాల వైపు ఊళ్ళలో, పెద్దింటి పిల్లవాడు బడికి పోకముందే ‘చిన్న పటేలు’ అవుతాడు. అతని పశువులను కాచిన మనిషి అరవై ఏళ్ళు నిండినా పేరు చివర ‘గాడు’ తగిలించుకునే పోతాడు. పిల్లవాడు ఆ ముసలివాణ్ణి ఏకవచనంలో పిలుస్తాడు. ఎవరూ నేర్పరు. నడక వచ్చినట్టే ఆ పిలుపూ వస్తుంది.

నాకు కూడా అలాగే వచ్చింది. మా తాత మాలీ పటేలు. ఆ ఉద్యోగాలు 1980లలో రద్దయినాయి. నేను పుట్టేనాటికి మా ఇంట్లో దఫ్తరం లేదు, భూమి కూడా పెద్దగా మిగల్లేదు. మా నాయన అప్పులు చేసి నన్ను చదివించాడు. కాబట్టి నేను కష్టపడి పైకి వచ్చినవాణ్ణనే అనుకుంటూ ఉండేవాణ్ణి, అది కొంతవరకు నిజం కూడా. ఇటిక్యాల స్టేషను గద్వాల నుంచి కర్నూలు పోయే దారిలో ఉన్న చిన్న స్టేషను. ఒక ఉదయం అక్కడ బండికోసం పోయాను. ఉన్న ఒక్క నీడపట్టు బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బైకి పైబడిన మనిషి, చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి, కర్నూలు పెద్దాసుపత్రికి పోతున్నాడు. నన్ను చూసి లేచాడు. “కూచో పటేలా” అని తువ్వాలుతో బెంచీ దులిపి, తాను కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను “ఎందుకు తాతా, కూర్చోరాదూ” అన్నాను. అని, కూర్చున్నాను. సంచీలోంచి పుస్తకం తీసి బండి వచ్చేదాకా చదువుకున్నాను. అది అభ్యుదయ కవిత్వమే.

రోగంతో ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషి లేవటానికీ, ముప్ఫై ఏళ్ళ ఆరోగ్యవంతుడు కూర్చోవటానికీ మధ్య ఏ చట్టం పనిచేసింది? రద్దయిన ఉద్యోగం పనిచేసింది. నేను ‘కూర్చోరాదూ’ అన్న మాట కూడా నా ఖాతాలోనే జమ పడింది. ‘పటేలు మనవడు మంచోడు, తాతా అని పిలుస్తడు’ అని. గోపాలరావు దయ వంటిదే ఇది.

దీనికి ఇంగ్లీషు చదివిన విద్యార్థులు ‘ప్రివిలేజ్’ అంటున్నారు. నిఘంటువులు ‘విశేషాధికారం’ అంటాయి. ఆ మాట వింటే రాజముద్రలూ సనదులూ గుర్తుకొస్తాయి గాని స్టేషను బెంచీ గుర్తుకు రాదు. అసలు మాట మన ఊళ్ళలోనే ఉంది: చెల్లుబాటు. ‘వాళ్ళకు చెల్లుతుంది’, ‘మనకు చెల్లదు’ అనేది పల్లెల్లో రోజూ వినే మాట. నాణెం చెల్లుతుంది, ఆన చెల్లుతుంది, పెద్దింటివాడి తప్పు కూడా చెల్లుతుంది. చెల్లే నాణెం చేతిలో ఉన్నవాడు దాన్ని తిప్పి చూసుకోడు. అంగడిలో విసిరేసి సరుకు తెచ్చుకుంటాడు. నాణేన్ని వెలుతురుకు పట్టి, గీకి, కొరికి చూసేవాడు ఎప్పుడో ఒకసారి చెల్లదనిపించుకున్నవాడు. ఆ అమ్మాయికి రాముడి జీతం కనపడటానికీ నాకు కనపడకపోవటానికీ తెలివితేటల భేదం కారణం కాదన్నమాట.

చెల్లుబాటు రూపం మార్చుకోవటంలో నేర్పరి. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని పోరాటాలు జరిగాయో పాఠకులకు తెలుసు. అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది 1955లో. ఆ తరువాత దశాబ్దాల పాటు పల్లెల్లో వేరే గ్లాసు చూరుకు వేలాడుతూనే ఉంది. ఇప్పుడు నేను టీ తాగే చోట్ల అది లేదు. అందరికీ కాగితపు కప్పే. అది చూసి మొదట సంతోషించాను. తరువాత తోచింది: ఈ మార్పు కోసం ఎవరూ ఎవరి గ్లాసులోనూ తాగవలసి రాలేదు. ఒకసారి తాగి పారేసే కప్పు వచ్చి తగవును తప్పించింది. ఇంట్లో పనిమనిషికి ఇచ్చే గ్లాసు ఏ గూట్లో ఉందో ఎవరికి వారు చూసుకుంటే తెలుస్తుంది. నేను చూసుకున్నాను. మా ఇంట్లో అది కిటికీ బయట గూట్లో ఉంది. అమ్మను అడిగితే, “అది ఎప్పుడూ ఆడనే ఉంటది గదరా” అన్నది. నిజమే, ఎప్పుడూ అక్కడే ఉంది.

సాహిత్య చరిత్రలో కూడా ఇదే చెల్లుబాటు. ‘దిద్దుబాటు’ను మొదటి కథ అనటం ఎంతకాలం సాగింది! భండారు అచ్చమాంబ అంతకుముందే, 1902 నాటికే కథలు రాసిందని పరిశోధకులు చూపించిన తరువాత కూడా పరీక్షల్లో పాత జవాబుకే మార్కులు పడటం కద్దు. స్త్రీ విద్యను సమర్థించిన మగవాడి కథ మొదటిదయింది; చదువుకున్న స్త్రీ స్వయంగా రాసిన కథకు నిరూపణ కావలసి వచ్చింది.

ఒక చోట చెల్లనిపించుకున్నవాడు మరొక చోట చెల్లుబాటు అనుభవిస్తూ ఉండవచ్చు. ఈ చిక్కును ప్రేమ్‌చంద్ 1932లో రాసిన ‘ఠాకూర్ కా కువా’ కథలో చూపించినంత స్పష్టంగా మరెక్కడా నేను చూడలేదు. జబ్బుపడిన మగడికి మంచినీళ్ళకోసం గంగి రాత్రిపూట చాటుగా ఠాకూరు బావికి పోతుంది. ఆమె పొంచి ఉండగా పెద్దింటి ఆడవాళ్ళు ఇద్దరు నీళ్ళకు వస్తారు. మగవాళ్ళు తమను దాసీల్లా తిప్పుకుంటున్నారని వాళ్ళు తమ గోడు చెప్పుకుంటారు. ఆ గోడు అబద్ధం కాదు. కాని ఆ చీకట్లో అడుగు దూరంలో ఇంకొక ఆడది దొరికిపోతానన్న భయంతో ఊపిరి బిగబట్టుకుని ఉందన్న సంగతి వాళ్ళకు తెలియదు. తెలిస్తే కేక పెడతారు. చివరికి గంగి నీళ్ళు లేకుండానే పరుగెత్తి వస్తుంది. మంచం కింద కమలినినీ, బావి గట్టు మీది ఆ ఇద్దరినీ ఒక చోట పెట్టి చదివితే, ‘దిద్దుబాటు’ గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పనిది బోధపడుతుంది. ప్రేమ్‌చంద్ ఆ ఇద్దరి గోడునూ వినిపించాడు, గంగి గుండెదడనూ వినిపించాడు. ఒకటి వినిపించటానికి రెండవదాని నోరు నొక్కలేదు. వాస్తవికత అనే మాటకు ఇంతకు మించిన నిర్వచనం నాకు అక్కరలేదు.

నా సంగతే తీసుకుంటాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక సాహిత్య సభలో మాట్లాడుతూ ‘పోతున్నరు’, ‘చేసిండ్రు’ అన్నాను. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన చిరునవ్వు నవ్వి, నా తరువాత మాట్లాడుతూ నా యాసను అనుకరించాడు. సభ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆయన చొక్కా రంగు కూడా జ్ఞాపకం. మా ప్రాంతం మనిషే అయిన సురవరం ప్రతాపరెడ్డిని ఆ రోజుల్లో నేను ఆవేశంతో చదివాను. (ఆయన స్వగ్రామం ఇటికాలపాడు, మా ఇటిక్యాల వేరు. పేర్ల పోలిక చూసి రెంటినీ ఒకటిగా రాసేవాళ్ళు ఉన్నారు.) తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఆయన కోపగించి ఊరుకోలేదు. 354 మంది కవులను పోగుచేసి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశాడు. చిన్నచూపుకు లెక్కతో జవాబు చెప్పాడు. తరువాత 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’ వచ్చింది. రాజుల వంశావళులు పక్కకు పెట్టి, ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడుకున్నారు అని ఆయన కావ్యాలను ప్రశ్నించాడు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమానం, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. రాముడి జీతమెంత అన్న ప్రశ్న ఆ పుస్తకానికి మనుమరాలి వంటిది. ఏం తిన్నారన్న ప్రశ్న తరువాత రావలసింది, వండిందెవరు, విస్తర్లు ఎత్తిందెవరు, వాళ్ళు ఎప్పుడు తిన్నారు అన్న ప్రశ్నే గదా. ప్రతాపరెడ్డిని అంతగా చదివి కూడా నేను ఆ మెట్టు ఎక్కలేదు. నన్ను చూసి నవ్విన నవ్వు పదేళ్ళు గుర్తుంచుకున్నాను. ఆ అమ్మాయిని చూసి నేను నవ్విన నవ్వు గంట కొట్టగానే మరిచిపోయాను.

పేర్ల సంగతి కూడా ఇలాగే ఆలస్యంగా తోచింది. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో మాలకుటుంబం పేర్లు రామదాసు, వెంకటదాసు, సంగదాసు. ఇవి ఊరు విరిచి పిలవటానికి లొంగని పేర్లు. చివర భగవంతుడి దాసత్వం ఉంది కాబట్టి మనిషి దాసత్వానికి తావు లేదు. వెంకటదాసు తిరగబడి దోపిడీ దండుకు నాయకుడైనప్పుడు తక్కెళ్ళ జగ్గడవుతాడు. అది మారువేషమని పాఠం చెప్పాను చాలాకాలం. ఊరు అతనికి మొదటినుంచీ పెట్టదలిచిన ‘డు’ను అతడే తీసుకుని భయపెట్టే పేరుగా మార్చుకున్నాడని ఇప్పుడు అనిపిస్తోంది. నవలాకారుడు ఇంత ఉద్దేశించాడో లేదో చెప్పలేను. నవల మాత్రం అంత దూరం తీసుకుపోతుంది.

ఇక జాషువ. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. సందేశ కావ్యాల్లో నలుడికి హంస దొరికింది, యక్షుడికి మేఘం దొరికింది. జాషువ నాయకుడికి గబ్బిలం తప్ప దొరకలేదు. ఆ ఎంపికలోని శోకాన్ని గురించి మన విమర్శకులు బాగానే రాశారు. నేను దానిలోని లెక్కను గురించి అంటున్నాను. గుడి లోపలికి ఎవరెవరికి ప్రవేశం ఉంది? పూజారికి ఉంది, భక్తులకు ఉంది, చీకట్లో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి ఉంది. నాయకుడికి లేదు. రోజూ గుడికి పోయేవాడికి గబ్బిలం కంపు తెలుస్తుందేమో గాని దాని హక్కు తెలియదు. గుడి బయట నిలబడినవాడు మాత్రమే గబ్బిలానికున్న చెల్లుబాటును కనిపెట్టగలడు. కావ్య వస్తువు ఆ కనిపెట్టటంలోనే పుట్టింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు అడ్డు తగులుతారని తెలుసు. ‘ఇదంతా అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన కొత్త మోజు, వర్గపోరాటాన్ని వ్యక్తుల పాపనివేదనగా మార్చే ఎత్తు’ అంటారు. ఈ ఆక్షేపణలో సగం నిజముంది. చదువుకున్న పెద్దింటివాడు సభలో నిలబడి ‘నాకెన్నో సౌకర్యాలు దక్కాయి’ అని కళ్ళు తుడుచుకుంటే అదీ చెల్లుతుంది. చప్పట్లు కూడా పడతాయి. ఈ వ్యాసం కూడా ఆ కోవలోకి జారే ప్రమాదం ఉందని నాకు తెలుసు. కాని మిగతా సగం తప్పు. డూబాయిస్ 1935లో అమెరికా నల్లవారి చరిత్ర రాస్తూ ఒక సంగతి చూపించాడు: తెల్ల కూలీకి కూడా జీతం తక్కువే, అయితే నల్లవాడికి దొరకని మర్యాద అతనికి అదనపు జీతంలా ముట్టేది, దానితో ఇద్దరు కూలీలూ ఏకం కాలేకపోయారు. ఆ మరుసటి సంవత్సరమే, 1936లో, అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో మన సోషలిస్టులను నిలదీశాడు. కులం పనులను పంచటంతో ఆగదనీ, పనిచేసేవాళ్ళనే మెట్లుమెట్లుగా విడదీస్తుందనీ ఆయన వాదన. ఈ ఇద్దరూ మోజుకోసం రాయలేదు. శ్రామికులు ఎందుకు కలవటం లేదన్నది వాళ్ళ ప్రశ్న, మన ప్రశ్న కూడా అదే కావాలి. స్టేషను బెంచీ చిన్నదే. దానిమీద నుంచి లేచినవాడూ దానిమీద కూర్చున్నవాడూ రేపు ఒకే జెండా కింద నడవాలని మనమే అంటున్నాం.

తాజ్‌మహలుకు రాళ్ళు మోసినవాళ్ళ గురించి శ్రీశ్రీ అడిగిన ప్రశ్న మనకు కంఠస్థం. బ్రెహ్ట్ కూడా 1935లో ఇటువంటి ప్రశ్నలే వేశాడు. ఎంత గొప్ప ప్రశ్నలైనా దూరాన ఉన్న కట్టడాల మీద వేసినంతసేపూ మనకు హాయిగానే ఉంటుంది. సభ ముగిశాక కుర్చీలు మడతపెట్టి లోపల వేసేవాళ్ళు ఎవరో, వాళ్ళలో ఒకరైనా ఎప్పుడైనా సభలో కూర్చున్నారో లేదో మనం అడగలేదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నేలలో, సీడు పత్తి పండిస్తారు. సంకర విత్తనం తయారుకావాలంటే ఒక్కొక్క మొగ్గనూ చేతితో తాకాలి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మొగ్గలోని పుప్పొడి భాగాన్ని గోటితో గిల్లి తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రాయాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. యంత్రం చెయ్యలేదు, సన్నని వేళ్ళు కావాలి. ఈ పనిలో పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను పెట్టుకుంటున్నారని 1990ల చివరి నుంచి నివేదికలు వస్తూనే ఉన్నాయి. క్రాసింగు కాలం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. మా హాజరుపట్టీలో ఆ నెలల్లో కొన్ని పేర్ల ఎదుట వరసగా గైరుహాజరు గుర్తులు పడతాయి. ఎవరి పేర్లో నాకు చూడకుండానే తెలుసు. ఏడేళ్ళపాటు ఆ వరసలను చూసి ‘శ్రద్ధ లేదు’ అని రాశాను. ఆ అమ్మాయి పేరు ఎదుట కూడా రాశాను, నా చేతిరాత నాకు కనపడుతోంది. రాముడి జీతం అడిగిన రోజుకు ఆమె చేలోనుంచి తిరిగి వచ్చి వారమైనా కాలేదు. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ మరక ఉండి ఉంటుంది; నేను చూడలేదు. ఆమె డిగ్రీ పూర్తిచేసుకుని పోయింది. ఆ మాట చెరిపెయ్యటానికి వీలులేని పట్టీలో ఉండిపోయింది.

కిందటేడాది నుంచి ‘దిద్దుబాటు’ పాఠాన్ని సెప్టెంబరులో చెప్పటం మానుకుని డిసెంబరుకు జరిపాను. క్రాసింగ్ ముగిసి అందరూ తరగతిలో ఉన్నారు. దెబ్బ దగ్గరికి వచ్చి ఆగాను. ఈసారి ఎవరూ అడగలేదు. నేనే అడిగాను, రాముడికి జీతమెంత ఉండేది అని. ఎవరూ నవ్వలేదు. కొంతసేపటికి వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు, “ఎప్పటి కథ సార్ ఇది?” అన్నాడు. 1910 అన్నాను. “అప్పుడు సోలెడు జొన్నలు ఎంతకొస్తుండె?” అని, పక్కవాడి నోటుపుస్తకం లాక్కుని లెక్క మొదలుపెట్టాడు.